సూపర్‌మార్కెట్‌లో కొన్న మొక్కను బతికించుకోవడం ఎలా?

"కొన్నప్పుడు నిగనిగలాడుతూ ఉందండీ. ఇంటికి తెచ్చిన పది రోజులకే ఆకులన్నీ పసుపెక్కాయి. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఏం చేయమంటారు?"

ఈ ప్రశ్న నాకు రాని వారం ఉండదు. మొక్క పేరు మారుతుంది, ఊరు మారుతుంది, మిగతాదంతా అదే. అందుకే జవాబు మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా, మీ చేతివాసి మంచిది కాదేమోనని బాధపడకండి. మీరు బిల్లు కట్టేసరికే ఆ మొక్క సగం దెబ్బతిని ఉంటుంది. స్టోర్‌లో జరిగిన నిర్లక్ష్యం ఆకుల్లో బయటపడటానికి వారం, పది రోజులు పడుతుంది. ఈలోపు అది మీ ఇంటికి చేరిపోతుంది. ఇక రెండో సంగతి. తెచ్చిన రోజే కుండీ మార్చడం, గుప్పెడు ఎరువు వేయడం, పాపం నీడలో ఉండి వచ్చిందని ఎండలో పెట్టడం, రోజూ ఓ మగ్గు నీళ్లు పోయడం... ప్రేమతో చేసే ఈ నాలుగు పనులూ కలిసి మిగతా సగాన్ని పూర్తి చేస్తాయి. మొదటి మూడు వారాలు గడిపిస్తే చాలావరకు మొక్క నిలబడుతుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ మూడు వారాల గురించే.

స్టోర్‌లో మొక్కకు ఏమవుతుంది?

మన స్టోర్లకు వచ్చే మొక్కలు కడియం వైపు నర్సరీల నుంచో, పుణె, బెంగళూరు పాలీహౌస్‌ల (ప్లాస్టిక్ షీటు కప్పిన పెంపక శాలల) నుంచో వస్తాయి. అక్కడ షేడ్ నెట్ కింద వేల లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురులో పెరిగిన మొక్కను లారీలో ఎక్కించి, ఏసీ హాల్లో బిల్లింగ్ కౌంటర్ పక్కన పెడతారు. ఆ హాలు మన కళ్లకు ధగధగా మెరుస్తున్నట్టే ఉంటుంది గానీ, సాధారణంగా 500 నుంచి 1000 లక్స్‌కు మించదు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్. అంత తక్కువ వెలుతురులో మొక్క నీళ్లు తాగడం బాగా తగ్గించేస్తుంది. అది తెలియక ఎవరో ఒకరు పోస్తూ ఉంటారు. లేదా ఎవరి డ్యూటీ కాదు కాబట్టి ఎవరూ పోయరు. పైగా అందంగా ఉంటుందని చిల్లు లేని రంగు కుండీలో పెడతారు కాబట్టి, పోసిన నీళ్లు అడుగునే నిలిచిపోతాయి.

ఇంకొకటి చాలామంది గమనించరు. పళ్ల అర పక్కనే మొక్కల స్టాండు పెడుతుంటారు. మగ్గిన అరటిపళ్లు, ఆపిల్స్ ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడేది కూడా ఇదే. దీనివల్ల మొగ్గలు రాలిపోతాయి, ఆకులు ముందుగానే ముసలివైపోతాయి. సిద్ధాంతం ఇంతటితో చాలు.

కావలసినవి

- చిన్న కత్తెర, దాన్ని తుడవడానికి సర్జికల్ స్పిరిట్, కొంచెం దూది
- అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ లేదా మట్టి కుండీ, ఇప్పుడున్న దానికంటే ఒక అంగుళం పెద్దది
- కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు, నీళ్లు త్వరగా దిగడానికి), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు). మామూలుగా ఇవి మూడు వారాల తర్వాతకు, వేర్లు కుళ్లి ఉంటే మాత్రం వెంటనే కావాలి
- వేపనూనె, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు, చిన్న స్ప్రే బాటిల్
- వెడల్పాటి బేసిన్
- పాత పేపర్లు

పెర్లైట్ దొరక్కపోతే బాగా కడిగిన గరుకు ఇసుకో, శనగ గింజంత ఇటుక ముక్కలో వాడుకోండి. సన్నటి ప్లాస్టరింగ్ ఇసుక మాత్రం వద్దు. అది నీళ్లు దిగనివ్వకుండా బిగుసుకుపోతుంది.

1. కొనేముందు రెండు నిమిషాలు పరిశీలించండి

కుండీని చేత్తో పైకెత్తండి. రంగు కుండీలో మరో నల్ల ప్లాస్టిక్ కుండీ ఉంటే దాన్ని బయటకు తీసి అడుగున చూడండి. నీళ్లు నిలిచి వాసన వస్తుంటే ఆ మొక్కను అక్కడే వదిలేయండి. తర్వాత ఆకు కాండాన్ని కలిసే సందుల్లో, ఆకుల అడుగున చూడండి. తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే అది పిండినల్లి. సగం ధరకే ఇస్తామన్నా తీసుకోకండి, మీ ఇంట్లో ఉన్న మిగతా మొక్కలన్నిటికీ పాకుతుంది.

కాండం మొదలును మట్టి దగ్గర రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. గట్టిగా ఉంటే పర్వాలేదు. మెత్తగా దిగిపోతే వేర్లు కుళ్లినట్టే.

జాలితో కొనే అలవాటు చాలామందికి ఉంది. మంచి మనసే, కాదనను. కానీ ఎండి వాడిన మొక్కను చూసి జాలిపడండి, తడికి కుళ్లిన మొక్కను చూసి కాదు. ఎండినది తేరుకునే అవకాశం ఎక్కువ. మొదలు కుళ్లినది అరుదుగా బతుకుతుంది. ఎండిన మొక్క కొనేటప్పుడు తగ్గింపు అడగడానికి మొహమాటపడకండి. పారేయాల్సిన సరుకు కాబట్టి చాలాచోట్ల ఇస్తారు.

పూలున్న మొక్కైతే నిండుగా విరిసినదాని కంటే మొగ్గలు ఎక్కువున్నది తీసుకోండి.

2. ఇంటికి జాగ్రత్తగా చేర్చండి

ఏప్రిల్, మే నెలల్లో మొక్కను కారులో పెట్టి, అద్దాలు మూసి, ఇంకో దుకాణానికి వెళ్లకండి. అరగంటలో లోపల కొలిమిలా అవుతుంది. మొక్కను ఆఖరున కొనండి. బైక్ మీదైతే పేపరు చుట్టండి, గాలికి ఆకులు చిరిగిపోతాయి.

ఇంటికి రాగానే ప్లాస్టిక్ కవరు తీసేయండి. అందులో తేమ పట్టి ఆకులకు బూజు వస్తుంది.

3. వేరుగా ఉంచండి

రెండు, మూడు వారాలు మిగతా మొక్కలకు దూరంగా, వీలైతే వేరే గదిలో పెట్టండి. నల్లుల గుడ్లు మొదటి రోజు కంటికి కనిపించవు. ఈ ఒక్క పని మానేసి ఇంట్లో మొక్కలన్నీ పోగొట్టుకున్న వాళ్లు చాలామంది ఉన్నారు.

4. వేర్లు చూడండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. తెచ్చిన రోజు కాకపోయినా మర్నాడు తప్పక చేయండి. ఎక్కువమంది భయపడేది కూడా దీనికే. భయం అక్కర్లేదు, మొక్కను పీకమని కాదు.

కుండీ పక్కల మెల్లగా నొక్కి, కాండాన్ని వేళ్ల సందున పట్టుకుని కుండీని బోర్లించండి. కోకోపీట్‌లో పెంచిన మొక్క ముద్దకు ముద్దగా బయటికి వచ్చేస్తుంది. ఇప్పుడు పేపరు మీద పెట్టి చూడండి.

వేర్లు గట్టిగా ఉండి, మట్టివాసన వస్తే బాగున్నట్టు. గోధుమరంగు కనిపించగానే కుళ్లిందని కత్తెర తీయకండి. కోకోపీట్ రంగు తెల్లటి వేర్లకు కూడా అంటుకుంటుంది. స్నేక్ ప్లాంట్ వేర్లు, దుంపకాండాలు పుట్టుకతోనే నారింజ ఛాయలో ఉంటాయి. కాబట్టి రంగును బట్టి కాకుండా వేలితో పట్టి చూసి నిర్ణయించండి. ఒక వేరును పట్టుకుని లాగితే పైతోలు జారిపోయి లోపల సన్నటి దారంలాంటిది మిగిలితే అది కుళ్లు. మురుగు వాసన కూడా ఉంటే ఇక అనుమానం లేదు.

మట్టిముద్ద మధ్యలో, కాండం చుట్టూ చిన్న గుడ్డసంచిలాంటి సన్నటి జాలీ మీ చేతికి తగలవచ్చు. నర్సరీలో నారు పెంచేటప్పుడు వాడి, తీయకుండానే కుండీలోకి మార్చేసినది అది. చాలా మొక్కలకు ఇబ్బంది ఉండదు. కానీ కొన్నిట్లో ఆ జాలీ లోపలి భాగం ఎప్పుడూ తడిగా ఉండి సరిగ్గా మొదలు దగ్గరే కుళ్లు మొదలవుతుంది. వేర్లు బాగుంటే ఇప్పుడు దాన్ని కదపొద్దు, కుండీ మార్చేటప్పుడు కత్తిరించి తీయండి. కుళ్లు ఉంటే ఈ రోజే తీసేయాలి.

మట్టిలో పసుపు, బూడిద లేదా ఆకుపచ్చ రంగులో ఆవగింజ కంటే కాస్త పెద్ద గుండ్రటి గుళికలు కనిపిస్తే పురుగు గుడ్లనుకుని కంగారుపడకండి. అవి మెల్లగా కరిగే ఎరువు గుళికలు. గోటితో నొక్కితే పైపెంకు పగిలి నీరో, తెల్లటి ఉప్పులాంటిదో వస్తుంది. అవి ఉన్నాయంటే కొన్ని నెలలకు సరిపడా ఎరువు ముందే ఉన్నట్టు.

ఇప్పుడు ఏం చేయాలో వేర్లను బట్టి ఉంటుంది.

వేర్లు బాగుంటే ముద్దను అలాగే తిరిగి కుండీలో పెట్టేయండి. మట్టి కూడా మార్చొద్దు.

పొడిగా, ఎండిపోయి ఉంటే బేసిన్‌లో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, చిల్లులున్న కుండీని అందులో అరగంట ఉంచండి. పైమట్టి తడిసిందంటే చాలు, తీసి పూర్తిగా నీళ్లు కారనివ్వండి. పైనుంచి పోస్తే ఎండి కుంచించుకున్న మట్టిముద్దకూ కుండీకీ మధ్య సందులోంచి నీళ్లు జారిపోతాయి, వేర్లకు అందవు.

తడి ఎక్కువై, కుళ్లు ఇంకా మొదలవకపోతే, ముద్దను కుండీలోంచి తీసి నాలుగైదు మడతల పేపరు మీద ఒక రాత్రి ఉంచండి. పేపరు తడి లాగేస్తుంది. ఉదయం తిరిగి పెట్టేయండి.

సగంలోపు వేర్లు కుళ్లి ఉంటే పాత మట్టంతా దులిపి, స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కుళ్లిన వేర్లన్నీ గట్టి భాగం వచ్చేవరకు తీసేయండి. గంటసేపు నీడలో ఆరనివ్వండి. తర్వాత మిగిలిన వేర్లకు సరిపడే చిన్న కుండీలో, పెర్లైట్ ఎక్కువ కలిపిన కొత్త మిశ్రమంలో (పాళ్లు ఎనిమిదో అడుగులో ఉన్నాయి) నాటండి. వేర్లు తగ్గాయి కాబట్టి కిందివైపు ఆకులు కొన్ని తీసేయండి, ఉన్న వేర్లు అన్ని ఆకులకు నీళ్లు అందించలేవు.

సగానికి మించి కుళ్లితే ఆ మొక్క మీద ఆశ వదులుకుని కొమ్మల మీద ఆశ పెట్టుకోండి. మనీప్లాంట్ అయితే కణుపు కింద కత్తిరించి, కణుపు మునిగేలా నీళ్ల గ్లాసులో పెడితే సాధారణంగా రెండు, మూడు వారాల్లో వేర్లు వస్తాయి. స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలుగా కోసి, ఒకరోజు ఆరనిచ్చి ఇసుకలో గుచ్చవచ్చు. ముక్కను తలకిందులుగా గుచ్చితే వేరు పట్టదు, కింది అంచుకు పెన్నుతో గుర్తు పెట్టుకోండి. అంచున పసుపుచార ఉన్న రకమైతే ఆకుముక్క నుంచి వచ్చే పిలకలకు ఆ చార రాదు, ఆకుపచ్చగానే వస్తాయి.

5. నీళ్లు తేదీ చూసి పోయకండి

"వారానికి ఎన్నిసార్లు పోయాలి?" అని అడిగితే నేను సంఖ్య చెప్పను. హైదరాబాద్ మే నెలలో మూడు రోజులకు ఆరే కుండీ, విశాఖలో ఆగస్టు ముసురుకు పది రోజులైనా ఆరదు.

వేలిని రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూడండి. కోకోపీట్‌తో పెద్ద చిక్కు ఇదే. పైన లేత గోధుమరంగుకు తిరిగి పొడిపొడిగా కనిపిస్తుంది, అడుగున పిండితే నీళ్లు కారేంత తడి ఉంటుంది. పైన చూసి పోసేవాళ్ల మొక్కలే ఎక్కువగా పోతాయి. వేలు పెట్టడం ఇష్టం లేకపోతే పుల్ల ఐస్‌క్రీమ్ పుల్లను అడుగు దాకా గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. తడి మరక, అంటుకున్న పొడి ఎంతవరకు ఉన్నాయో కనిపిస్తుంది.

ఇంకా తేలికైన పద్ధతి బరువు. నీళ్లు పోసి, పూర్తిగా కారాక ఒకసారి కుండీని ఎత్తి బరువు గుర్తుపెట్టుకోండి. ఆరాక మళ్లీ ఎత్తండి. నాలుగైదు సార్లు చేస్తే చేతికే తెలిసిపోతుంది.

పోసేటప్పుడు మాత్రం అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయండి. రోజూ రెండు చెంచాలు చిలకరిస్తే పైన ఎప్పుడూ తడి, లోపల ఎప్పుడూ పొడి. పళ్లెంలో మిగిలిన నీళ్లు పావుగంటలో పారబోయండి.

వాడిపోయిన మొక్క కనిపించగానే నీళ్లు పోయకండి. వేర్లు కుళ్లినా ఆకులు వాడినట్టే వేలాడతాయి, ఎందుకంటే నీళ్లు ఉన్నా పీల్చుకునే వేరు లేదు. మట్టి పొడిగా ఉండి వాడితే దాహం. మట్టి తడిగా ఉండి వాడితే కుళ్లు. ఈ తేడా ఒక్కటి పట్టుకోగలిగితే సగం మొక్కలు దక్కుతాయి.

నీళ్ల విషయానికొస్తే, ఆర్‌ఓ ఫిల్టర్ బయటకు వదిలే నీళ్లను వృథా చేయడమెందుకని కుండీల్లో పోస్తుంటారు. ఆ ఆలోచన మంచిదే, కానీ బోరు నీటిలోని లవణాలన్నీ చిక్కబడి ఉండేది ఆ నీళ్లలోనే. వాటితో నేల కడగండి, చిన్న కుండీలకు పోయకండి. వాన నీళ్లు అన్నిటికంటే మంచివి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు ఉండవు, శుభ్రమైన బకెట్‌లో పట్టినవైతే వాడుకోవచ్చు. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే, నెలకోసారి ఎక్కువ నీళ్లు పోసి అడుగునుంచి బాగా కారిపోనివ్వండి.

6. వెలుతురు మెల్లగా పెంచండి

మొదటి వారం ఇంట్లోనే తూర్పు కిటికీకి రెండు, మూడు అడుగుల దూరంలో పెట్టండి. రెండో వారం కిటికీ దగ్గరికి జరపండి. బాల్కనీలో పెట్టాల్సిన మొక్కైతే మూడో వారంలో ఉదయం ఎండ గంట, తర్వాత రెండు గంటలు. పడమటి ఎండ మన వేసవిలో ఇండోర్ మొక్కలకు పనికిరాదు. పలుచటి కర్టెనో, షేడ్ నెట్టో ఉండాలి.

మధ్యాహ్నం వేళ మొక్క ఉన్నచోట ఆకుల మీద చెయ్యి అడ్డుపెట్టి చూడండి. నీడ అంచు స్పష్టంగా ఉంటే వెలుతురు బాగుంది. మసకగా ఉంటే స్నేక్ ప్లాంట్, మనీప్లాంట్, జెడ్‌జెడ్ (మెరిసే మందపాటి ఆకుల ఇండోర్ మొక్క) లాంటి వాటికి సరిపోతుంది. అసలు నీడే పడకపోతే అక్కడ ఏ మొక్కా పెరగదు, కొంతకాలం ఓర్చుకుంటుంది అంతే. టీవీ పక్క మూల, బాత్రూమ్, మెట్ల కింద అలాంటి చోట్లే. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు, ఫ్రిజ్ మీద కూడా వద్దు.

7. పురుగు ఉందేమో చూడండి

ఆకు కింద తెల్లకాగితం పట్టి ఆకును తట్టండి. రాలిన చుక్కలు కదులుతుంటే ఎర్రనల్లి. పిండినల్లి నాలుగైదు చోట్లే ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. ఎక్కువుంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సబ్బు వేసి తెల్లగా పాలలా అయ్యేదాకా కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగు కూడా తడిసేలా కొట్టండి. ముందు ఒక ఆకు మీద కొట్టి ఒకరోజు చూడండి. వారానికోసారి, మూడుసార్లు కొట్టాలి. ఒక్కసారితో ఆపితే గుడ్లలోంచి మళ్లీ వస్తాయి.

కుండీ చుట్టూ చిన్న నల్ల ఈగలు తిరుగుతుంటే మట్టి ఎప్పుడూ తడిగా ఉంటోందని అర్థం. పై అంగుళం బాగా ఆరనివ్వండి, పసుపు రంగు అట్టకు ఆముదం రాసి పక్కన గుచ్చండి. కోకోపీట్ మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని గీకేసి గాలి తగలనివ్వండి, అది మొక్కను ఏమీ చేయదు.

8. మూడు వారాల తర్వాతే కుండీ మార్చండి

కొత్త చిగురు వచ్చిందంటే మొక్క స్థిరపడిందని అర్థం. అప్పుడు మార్చండి. వేర్లు కుళ్లితే మాత్రం ఆగకూడదని పైన చెప్పాను. చిల్లు లేని కుండీలో నేరుగా నాటి ఉన్నా ఆగొద్దు.

కోకోపీట్ రెండు పాళ్లు, పెర్లైట్ ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు. జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్, కాక్టస్ లాంటి వాటికి పెర్లైట్ రెండు పాళ్లు చేయండి. కుండీ ఒక అంగుళమే పెద్దదిగా ఉండాలి. "ఎలాగూ పెరుగుతుంది కదా" అని పిల్లలకు బట్టలు కొన్నట్టు పెద్దది తెస్తే వేర్లు చేరని చోట మట్టి తడిగా మిగిలిపోయి కుళ్లు మొదలవుతుంది. పాత ముద్ద పైభాగం ఏ మట్టంలో ఉందో కొత్త కుండీలోనూ అదే మట్టంలో ఉండాలి, కాండాన్ని పూడ్చకండి.

ఎరువు మరో నెల తర్వాత. చిన్న కుండీకి రెండు చెంచాల వర్మీకంపోస్ట్ చాలు. డీఏపీ, యూరియా ఇంట్లో చిన్న కుండీలకు వద్దే వద్దు, వేర్లు మాడిపోతాయి.

మొక్కను బట్టి తేడాలు

పీస్ లిల్లీ దాహమైతే మొత్తం కూలబడిపోతుంది. చూస్తే గుండె జారుతుంది గానీ, నీళ్లు పోస్తే కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. అయితే తడిమట్టిలో కూలబడితే నాలుగో అడుగుకు వెళ్లండి.

లక్కీ బాంబూ అసలు వెదురే కాదు, డ్రసీనా జాతి. వారానికోసారి నీళ్లు మార్చండి. ఒక కాడ పసుపెక్కితే వెంటనే తీసేయండి, లేకపోతే పక్కవాటికీ పాకుతుంది.

ఎర్రటి, పసుపు బంతి ఉన్న మూన్ కాక్టస్ రెండు మొక్కల అంటు. పైబంతిలో పత్రహరితం లేదు, కింద ఉన్న డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండమే దానికి తిండి పెడుతుంది. అది కొన్నేళ్లకే పోతుంది, మీ తప్పు కాదు. కొన్ని స్టోర్లలో మామూలు కాక్టస్‌కు ఎండు పువ్వును వేడి జిగురుతో అతికించి అమ్ముతారు, మట్టిమీద రాళ్లను కూడా అతికించేస్తారు. నీళ్లు లోపలికి దిగవు, దిగినవి ఆరవు. రాళ్ల పొరను తీసేయండి. పువ్వు సులువుగా రాకపోతే వదిలేయండి, లాగితే చర్మం చిరుగుతుంది.

కలంచో, పాయిన్‌సెట్టియా, కుండీ చేమంతి పొట్టిగా గుబురుగా ఉండేందుకు పెంపకందారులు ఎదుగుదలను తగ్గించే మందు వాడుతుంటారు. ఆ ప్రభావం పోయాక కొమ్మలు పొడుగ్గా సాగుతాయి. చివర్లు తుంచుతూ ఉండండి.

పీస్ లిల్లీ, మనీప్లాంట్, డిఫెన్‌బేకియా ఆకులు నమిలితే నోరు మండి వాస్తుంది. పాకే పిల్లలు, పిల్లి, కుక్క ఉంటే అందని ఎత్తులో పెట్టండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

కూరగాయల దగ్గర అమ్మే బేసిల్ (వంటల్లో వాడే తులసి జాతి మొక్క) కుండీ ఒక మొక్క కాదు, ఒకే కుండీలో కిక్కిరిసి మొలిచిన బోలెడు మొలకలు. కొన్నాళ్లలో కోసి తినేయడానికే అలా పెంచుతారు. ఉంచుకోవాలంటే ముద్దను తడిపి, చేత్తో నాలుగు భాగాలుగా విడదీసి నాలుగు కుండీల్లో నాటండి. పైనుంచి మూడో వంతు కత్తిరించి వంటకు వాడేసుకోండి. ఫ్రిజ్‌లోనూ, చలికాలపు కిటికీ అద్దానికి ఆనించీ పెట్టకండి, 10 డిగ్రీల కంటే తగ్గితే ఆకులు నల్లబడతాయి. పుదీనాకూ ఇదే పద్ధతి, కానీ అది చలికి ఓర్చుకుంటుంది.

ఆర్కిడ్ వేర్లు వెండిరంగులో ఉంటే నీళ్లు కావాలి, ఆకుపచ్చగా ఉంటే అక్కర్లేదు. పారదర్శకమైన కుండీలో ఉంచేది అందుకే. బయట ఉన్న రంగు కుండీలోంచి తీసి నీళ్లు పోసి, కారాక తిరిగి పెట్టండి. పూలు రాలిపోతే చచ్చిపోయిందని పారేయకండి. ఆకులు, వేర్లు గట్టిగా ఉంటే మళ్లీ పూస్తుంది.

మంచు పడే రోజుల్లో స్టోర్ తలుపు నుంచి కారు దాకా నడిచే రెండు నిమిషాలకే లేత ఆకులు దెబ్బతింటాయి. పేపరు చుట్టమని అడగండి.

అమెరికాలో ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు మొక్క కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. నారింజ, నిమ్మ తోటలను నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా పెరుగుతుంది. అందుకే ఫ్లోరిడా, కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ఈ మొక్కల తరలింపుపై ఆంక్షలున్నాయి. మీ రాష్ట్రంలోనే పెంచినది కొనండి, స్నేహితుల కోసం కారులో పెట్టుకుని రాష్ట్రం దాటించకండి. ఇక చలికాలంలో ఆకులు రాల్చడం దానికి మామూలే. అప్పుడు కాండం మీద గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది, నీళ్లు బాగా తగ్గించి వసంతం దాకా ఆగండి. రాలిందని కంగారుపడి రోజూ పోస్తేనే పోతుంది.

బాగుపడుతోందని ఎలా తెలుస్తుంది?

ప్రతి ఆదివారం ఒకేచోట నిలబడి ఫోన్‌లో ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు.

మొదటి పది రోజుల్లో కిందివైపు పాత ఆకులు రెండు, మూడు పసుపెక్కి రాలితే కంగారు వద్దు, కొత్తచోటికి సర్దుకుంటోంది. పైన కొత్త ఆకులు పసుపెక్కినా, కొసలు నల్లబడినా మళ్లీ వేర్లు చూడాలి. ఒకసారి పసుపెక్కిన ఆకు తిరిగి పచ్చబడదు, దానికోసం ఎదురుచూడకండి. చిగురునే చూడండి. మూడో వారంలో మొదలును పట్టుకుని అతి మెల్లగా కదిపితే పట్టు తెలియాలి. కుండీ ఆరే రోజుల సంఖ్య తగ్గుతూ వస్తుంటే వేర్లు పనిచేస్తున్నట్టు. చిగురు లేకపోయినా ఇది మంచి గుర్తు. జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్‌లకు చిగురు రావడానికి నెలలు పట్టవచ్చు. ఆకులు గట్టిగా ఉన్నంతవరకు వాటిని కదపకండి.

స్టోర్ వాళ్లకు చెప్పండి

మీరు తెచ్చుకున్నది ఒక్కటే, అక్కడ ఇంకా ముప్ఫై నిలబడి ఉంటాయి. అమెరికాలో కొన్ని పెద్ద స్టోర్లలో బిల్లు పడేదాకా మొక్క పెంపకందారుదే, నష్టం కూడా అతనిదే. మన దగ్గరా సరఫరాదారే వచ్చి చూసుకుంటాడని సిబ్బంది వదిలేయడం కనిపిస్తుంటుంది. కౌంటర్ దగ్గరున్న కుర్రాడి మీద కేకలు వేసి లాభం లేదు, అతనికి ఎవరూ నేర్పలేదు. ఫ్లోర్ మేనేజర్‌ను పిలిచి నెమ్మదిగా మూడు విషయాలు చెప్పండి. రంగు కుండీల్లో నిలిచిన నీళ్లు పారబోయమనండి. స్టాండును పళ్ల దగ్గర నుంచి తీసి ముందు అద్దాల వైపు జరపమనండి. మట్టి తాకి చూశాకే నీళ్లు పోసే పని ఒకే మనిషికి అప్పగించమనండి. ఖర్చులేని పనులు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఉంది. తర్వాత వెళ్లినప్పుడు ఒక కుండీ ఎత్తి అడుగున చూడండి. నీళ్లు అలాగే ఉంటే మళ్లీ చెప్పండి.